కొత్త ఊళ్ళో కెమెరా బయటికి తీయాలంటే భయం

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల ఏడాది క్రితం ఒక విదేశీ నగరానికి వచ్చాం. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పగలంతా ఒక్కదాన్నే. పెళ్ళికి ముందునుంచీ ఫోటోలంటే ఇష్టం, మంచి కెమెరా కూడా ఉంది. ఇక్కడి వీధుల్ని, మనుషుల్ని తీయాలని ఉంటుంది. కానీ ఇప్పటిదాకా తీసినవన్నీ జనం వీపులు, షాపుల అద్దాలే. పైగా నెల క్రితం కూరగాయల మార్కెట్లో ఒకావిడ నా కెమెరా చూసి గట్టిగా అరిచింది. భాష రాదు కాబట్టి ఏమందో అర్థం కాలేదు. చుట్టుపక్కల వాళ్ళంతా నన్నే చూశారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అప్పట్నుంచి కెమెరా బ్యాగులోనే ఉంది. "మన ఊరు కాదు, మనకెందుకొచ్చిన గొడవ" అంటారు మావారు. ఇలా తీయడం తప్పా? చట్టం ఒప్పుకుంటుందా? పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి ఆ హక్కు ఉంటుందా? ఈ భయం పోయేదెలా? దయచేసి నా పేరు, ఊరు రాయకండి.

జవాబు: ముందు ఆ మార్కెట్ సంగతి తేల్చుకుందాం. మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

ఆవిడ ఏమందో మీకు తెలీదు. "తీయొద్దు" అని ఉండొచ్చు, "ఏమైనా కొంటావా, ఊరికే నిలబడతావా" అని ఉండొచ్చు, నిజంగానే మీ రంగు చూసి నోరు పారేసుకుని ఉండొచ్చు. మాట అర్థం కానప్పుడు మనసు అన్నిటికంటే చెడ్డ అర్థమే తీసుకుంటుంది. మార్కెట్లో పనిచేసేవాళ్ళకి కెమెరా అంటే పడకపోవడానికి చాలా కారణాలుంటాయి. కాగితాలు సరిగ్గా లేక భయంభయంగా బతికేవాళ్ళుంటారు. కొట్టే మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చి, ఎక్కడున్నదీ ఎవరికీ తెలియకూడదనుకునే ఆడవాళ్ళుంటారు. ఇంతకుముందు ఎవరో తీసిన ఫోటో నెట్‌లో పడి నవ్వులపాలైన వాళ్ళుంటారు. మీ ఫోటో ఎక్కడికి పోతుందో ఆవిడకు తెలీదు. మీరు ఆవిడ అరుపుకు ఎంత హడలిపోయారో, ఆవిడ మీ లెన్స్ చూసి అంత హడలిపోయి ఉండొచ్చు.

ఈ వారమే ఆ మార్కెట్‌కు మళ్ళీ వెళ్ళండి. కెమెరా వద్దు, సంచీ పట్టుకుని వెళ్ళండి. కూరగాయలు కొనండి. ఆవిడ కనిపిస్తే ఆ ఊరి భాషలో ఒక నమస్కారం చెప్పి ముందుకెళ్ళిపోండి. వచ్చే వారం కూడా అదే పని. అలా కొన్ని వారాలు పోయాక మీరు ఆ మార్కెట్‌కు వచ్చే మనిషి అవుతారు. అప్పుడు మెడలో కెమెరా ఉన్నా చూసేవాళ్ళు మొదట మిమ్మల్ని చూస్తారు, ఆ తర్వాతే కెమెరాని.

నేను మీకు చెప్పదలచుకున్నదంతా నిజానికి ఇదే. మీరు ఆ ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కాదు, అక్కడ కాపురం ఉంటున్నవాళ్ళు. వీధిలో ఫోటోలు తీసేవాళ్ళకి ఇంతకు మించిన వసతి లేదు. టూరిస్టుకి మూడు రోజులే ఉంటాయి, ఎదురుపడిన ప్రతిదాన్నీ అప్పటికప్పుడు లాక్కోవాలి. మీరు రేపూ వెళ్ళొచ్చు, ఎల్లుండీ వెళ్ళొచ్చు. ఇవాళ అడగలేకపోయిన మనిషిని వచ్చే వారం అడగొచ్చు. ఇంత వెసులుబాటు ఉండి కూడా మీరిన్నాళ్ళూ టూరిస్టులాగే, దొరికింది తీసుకుని త్వరగా తప్పుకునే పద్ధతిలో తీశారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. వీపులు రావడానికి కారణం కూడా అదే.

టూరిస్టుల కెమెరాలతో విసిగిపోయిన ఊళ్ళు ఇవాళ చాలా ఉన్నాయి. జపాన్‌లో క్యోటో నగరంలోని గియోన్ పేట సంగతి చూడండి. సంప్రదాయ నర్తకీమణులు పనికి నడిచివెళ్తుంటే విదేశీయులు వెంటపడి, దారికి అడ్డంపడి ఫోటోలు తీసేవారు. చివరికి 2019లో అక్కడివాళ్ళు తమ ప్రైవేటు సందుల్లో ఫోటోలు తీయకూడదని, తీస్తే 10,000 యెన్లు జరిమానా అని బోర్డులు పెట్టారు. అలాంటి ఊళ్ళో కొత్త మొహం కెమెరాతో కనబడితే, పాపం ఆ మనిషి పదేళ్ళుగా పక్క వీధిలోనే ఉంటున్నా సరే, వాళ్ళకి టూరిస్టే. ఆ అనుమానం పోవడానికి వాదన పనికిరాదు, రోజూ కనబడ్డమే పనికొస్తుంది.

ఇక చట్టం. మీ ఊరి పేరు రాయలేను కాబట్టి మీరే తెలుసుకోవాల్సిన పద్ధతి చెప్తాను. ఇందులో రెండు ప్రశ్నలుంటాయి, జనం వాటిని కలిపేసి గందరగోళపడతారు. బహిరంగ స్థలంలో మనిషిని ఫోటో తీయొచ్చా అన్నది ఒకటి. తీసిన ఫోటోని నలుగురికీ చూపించొచ్చా, అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా, ప్రదర్శనలో వేలాడదీయొచ్చా అన్నది రెండోది. రెంటికీ జవాబు ఒకటే కానవసరం లేదు.

అమెరికా, బ్రిటన్‌లలో రోడ్డు మీద కనిపించేదాన్ని తీయడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఫిలిప్-లోర్కా డికోర్సియా అనే ఫోటోగ్రాఫర్ దారినపోయేవాళ్ళ ముఖాలు వాళ్ళకి తెలియకుండా తీసి గ్యాలరీలో పెట్టాడు. అందులో ఒకాయన తన మత విశ్వాసాలకు విరుద్ధమని కేసు వేస్తే, ఇది కళ కిందికి వస్తుందని 2006లో కోర్టు కొట్టేసింది. అదే కెనడాలోని క్యూబెక్‌లో అయితే వేరే కథ. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ళ అమ్మాయి ఫోటోని ఆమెకు చెప్పకుండా ఒక పత్రిక వేసింది. అందులో అవమానకరమైనదేమీ లేదు. అయినా 1998లో కెనడా సుప్రీంకోర్టు ఆ అమ్మాయి పక్షానే తీర్పిచ్చి, 2,000 డాలర్ల నష్టపరిహారం ఖాయం చేసింది.

జర్మనీలో 1907 నాటి చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. మనిషి బొమ్మని ప్రచారంలో పెట్టాలన్నా, నలుగురికీ చూపించాలన్నా ఆ మనిషి ఒప్పుకోవాలి. దృశ్యంలో మనుషులు ఏదో మూల పడినప్పుడు, ఊరేగింపులూ సభలూ తీసినప్పుడు, కళ కోసమైనప్పుడు కొన్ని మినహాయింపులున్నాయి. వీధి ఫోటోగ్రఫీ కళేనని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2018లో ఒప్పుకుంది. కానీ అదే కేసులో, బెర్లిన్‌లో ఒకావిడ ఫోటోని రోడ్డు పక్కన పెద్ద బోర్డంత చేసి పెట్టడం మాత్రం ఆమె హక్కుకు భంగమేనని తేల్చింది. కళ అయినంత మాత్రాన ఎలా పెట్టినా చెల్లుతుందని అనుకోవద్దని దాని అర్థం. హంగరీలో 2014 నుంచి ఫోటో తీయడానికి కూడా అనుమతి కావాలి, వాడడానికి మాత్రమే కాదు. యూఏఈలో అనుమతి లేకుండా ఇతరుల ఫోటోలు తీసి పంచుకుంటే సైబర్ నేరాల చట్టం కింద జైలు, భారీ జరిమానా పడే ప్రమాదం ఉంది. గల్ఫ్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. అక్కడ సరదా ఫోటో అని సర్దిచెప్పుకోవడానికి ఉండదు.

మీ దేశంలో ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఏమిటో అక్కడి ఫోటోగ్రఫీ క్లబ్బులో అడగండి. ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఏదో ఒక క్లబ్బు ఉంటుంది. వాళ్ళకి చట్టంతో పాటు, కాగితం మీద లేని సంగతులు కూడా తెలుసు: ఏ పేటలో జనం పట్టించుకోరు, ఏ స్టేషన్లో సెక్యూరిటీవాళ్ళు వెంటనే వస్తారు, ఇలాంటివి. సైనిక స్థావరాలు, సరిహద్దులు, విమానాశ్రయాల లోపలి భాగాలు, పోలీస్ స్టేషన్లు వీటి జోలికి మాత్రం ఎక్కడున్నా పోవద్దు. మాల్స్, మెట్రో స్టేషన్లు చూడ్డానికి వీధిలాగే ఉన్నా వాటికి యజమాని ఉంటాడు, అతని నియమాలుంటాయి.

విదేశీయులకి హక్కు ఉందా అని అడిగారు. ఫోటో చట్టాలు సాధారణంగా మీరు ఏ దేశస్థులని చూడవు. తేడా వచ్చేది పర్యవసానంలో. అక్కడివాళ్ళకి చిన్న గొడవ చిన్న గొడవగానే పోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకి అదే గొడవ ఫైల్లోకి ఎక్కొచ్చు. మీవారి భయంలో ఈ మేరకు నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫోటోగ్రాఫర్ పేరు మీరు వినే ఉంటారు. స్విట్జర్లాండ్‌లో పుట్టి 1947లో న్యూయార్క్ వచ్చాడు. 1955లో కళాకారులకిచ్చే గగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ దొరికితే పాత కారేసుకుని అమెరికా అంతా తిరిగి ఫోటోలు తీశాడు. ఆ నవంబర్లో అర్కాన్సాస్ రాష్ట్రంలో పోలీసులు ఆపారు. ఆయన యాస, కారులోని కెమెరాలు, సామాను చూసి గూఢచారేమోనని కొన్ని గంటలు స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ తిరుగుడులో తీసిన వేల ఫోటోల నుంచి ఏరిన 83 ఫోటోలతో వచ్చిన పుస్తకాన్ని మొదట్లో అమెరికా పత్రికలు తిట్టిపోశాయి. ఇవాళ ఆ దేశాన్ని అర్థం చేసుకోవాలంటే దాన్నే తెరుస్తారు. పరాయివాడు కాబట్టే అనుమానించారు, పరాయివాడు కాబట్టే అక్కడివాళ్ళు చూడ్డం మానేసిన జెండాలూ, జూక్‌బాక్సులూ, రోడ్డు పక్క ఒంటరి మనుషులూ ఆయన కంటికి ఆనాయి.

మీకు మాత్రం ఫ్రాంక్ కంటే ఇంకొకాయన దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువని నా నమ్మకం. ఫ్రెడ్ హెర్జోగ్ అని, జర్మనీ నుంచి 1952లో కెనడా వెళ్ళి మరుసటి ఏడాది వాంకూవర్‌లో స్థిరపడ్డాడు. ఉద్యోగం వైద్య సంస్థలో ఫోటోలు తీయడం. తీరిక దొరికినప్పుడల్లా అదే ఊరి వీధుల్లో నడిచేవాడు, రంగుల స్లైడ్ ఫిల్మ్ మీద తీసేవాడు: మంగలి షాపులు, నియాన్ బోర్డులు, ఖాళీ స్థలాలు, వాకిట్లో నిలబడ్డ ముసలివాళ్ళు. దశాబ్దాల తరబడి అదే ఊరు. వాంకూవర్ ఆర్ట్ గ్యాలరీలో 2007లో పెద్ద ప్రదర్శన పెట్టేదాకా బయటివాళ్ళలో చాలామందికి ఆయన పేరే తెలీదు, అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఆ పాత వాంకూవర్‌ని చూడాలనుకున్న అక్కడి జనం ఇప్పుడు ఒక వలసవచ్చినవాడు తీసిన ఫోటోల్లోనే చూసుకుంటున్నారు. అందుకని, మీకు హక్కు ఉందా అంటే ఉంది. ఆ ఊరికి మీ అవసరం కూడా ఉంది.

ఇప్పుడు భయం సంగతి. నడుస్తూ తీయడం మానేయండి, కనీసం కొన్నాళ్ళు. నడుస్తున్నప్పుడు మీరు జనం వైపు వెళ్తున్నారు, ప్రతి మనిషీ కొత్త టెన్షన్. ఒకచోట నిలబడితే జనమే మీ ముందుకొస్తారు. మీ ఇంటికి దగ్గర్లో ఒక బస్టాపు ఉంటుంది కదా. సాయంత్రం ఎండ వాలే వేళకి అక్కడికి వెళ్ళండి. ముందు వెలుతురు చూడండి, మనుషుల్ని చూడకండి. ఎదురుగా ఉన్న గోడ మీద ఎండ ఎక్కడ పడుతోంది, బస్టాపు కప్పు నీడ ఎక్కడ తెగిపోతోంది, ఆ గీత దాటినవాళ్ళ ముఖం ఎలా వెలుగుతోంది. ఆ చోటుకి ఫ్రేమ్ కట్టుకుని కెమెరా కళ్ళ దగ్గర పెట్టుకుని అలా ఉండండి. మొదటి పది నిమిషాలు జనం మిమ్మల్ని చూస్తారు. గోడని తీస్తోంది కాబోలు అనుకుంటారు, తప్పుకుని వెళ్తారు, కొందరు మీకు అడ్డమొచ్చామని సారీ చెప్తారు. పావుగంట గడిస్తే మీరు కరెంటు స్తంభంతో సమానం. అప్పుడు మొదలవుతుంది. ఒక పిల్లాడు బరువైన స్కూలు బ్యాగుని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటాడు. బస్సు లేటయిందని ఒకాయన చేతి గడియారం చూసి, మళ్ళీ రోడ్డు చివర చూసి, మళ్ళీ గడియారం చూస్తాడు. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ వచ్చి సరిగ్గా ఆ ఎండ గీత మీదే ఆగుతారు, ఒకరి ముఖం వెలుగులో, ఇంకొకరిది నీడలో. మీరు నొక్కాల్సింది అప్పుడే. నొక్కాక కెమెరా కిందికి దించకండి, ఇంకో నాలుగు క్షణాలు అలాగే చూస్తూ ఉండండి. గబుక్కున దించి తల తిప్పుకుంటేనే దొంగచాటుగా తీసినట్టు కనిపిస్తుంది.

కెమెరా సెట్టింగులు ముందే పెట్టేసుకోండి, వీధిలో బటన్లతో కుస్తీ పడితే భయం రెట్టింపవుతుంది. మీది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 35 మి.మీ. లెన్స్ అయితే అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8, మాన్యువల్ ఫోకస్ 3 మీటర్లు పెట్టండి. దాదాపు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది, ఫోకస్ కోసం ఆగనక్కర్లేదు. చిన్న సెన్సర్ కెమెరాలో 23 మి.మీ. లెన్స్ ఇంచుమించు ఇదే దృశ్యం ఇస్తుంది. షట్టర్ వేగం 1/250 సెకను, దగ్గరగా నడిచి వెళ్ళేవాళ్ళకి 1/500. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే తీవ్రత, ఆటోలో వదిలేయండి. సైలెంట్ షట్టర్ ఉన్నా కొన్నాళ్ళు శబ్దం వచ్చేలాగే ఉంచండి, మీరు దాస్తున్నది ఏమీ లేదని మీ చేతులకు అలవాటు కావాలి. ఫోన్‌తో తీస్తానంటే అదీ మంచిదే. కాకపోతే ఫోన్ చూసి ఎవరూ పట్టించుకోరన్న ధైర్యం చాలామందిని అడగడం అనే పనికి పూర్తిగా దూరం చేస్తుంది.

పొడవైన జూమ్ లెన్స్ మాత్రం ఇంట్లో పెట్టండి. ఇందులో నాకు రెండో మాట లేదు. వీధి అవతల నుంచి జూమ్ చేసి తీస్తే ఎదుటివాళ్ళకి మీరున్నారనే తెలీదు, తెలిసినప్పుడు మరింత కోపం వస్తుంది, అది న్యాయమైన కోపం. మూడు మీటర్ల దూరంలో నిలబడి తీస్తే తల ఊపే అవకాశం, నవ్వే అవకాశం, వద్దని చెయ్యి అడ్డం పెట్టే అవకాశం ఎదుటివాళ్ళకి ఇచ్చినట్టు అవుతుంది. మీ ఫోటోల్లో అన్నీ వీపులే అన్నారు కదా, వద్దని చెప్పే అవకాశం ఇవ్వడానికి భయపడి వెనక నుంచి తీస్తున్నారు. నలుగురు వద్దంటే ఇద్దరు సరేనంటారు, ఆ ఇద్దరి కోసం ఎదురుగా నిలబడండి.

షాపుల అద్దాలని మాత్రం తీసిపారేయకండి. న్యూయార్క్‌లో సాల్ లైటర్ అనే ఆయన ఏభై ఏళ్ళకు పైగా ఒకే పేటలో ఉండి, తడిసిన అద్దాల వెనక మనుషుల్ని, గొడుగుల్ని, మంచులో ఎర్ర దీపాల్ని తీశాడు. అద్దంలో మీరు కూడా లీలగా పడతారు. కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉన్న మనిషి అద్దం దగ్గర ఆగడంలో తప్పేముంది? వాటిని ఒక వరసగా పెట్టి చూసుకోండి. వాటిలో వీపుల కంటే మీరు ఎక్కువ ఉన్నారని నాకనిపిస్తోంది.

అడిగి తీయాలా, అడక్కుండా తీయాలా అన్న చర్చ ఈ పనిలో ఎన్నటికీ తెగదు. నా లెక్క ఇది: వీధిలో కదులుతున్న జనాన్ని, చట్టం ఒప్పుకున్న చోట, అడక్కుండా తీయండి. ఒకే మనిషి ముఖం, ఒకే మనిషి పని మీ ఫోటో అయితే అడగండి, తీసిన తర్వాతైనా సరే. పిల్లలుంటే పెద్దవాళ్ళని ముందే అడగండి. రోడ్డు మీద పడుకున్నవాళ్ళని, తాగి పడిపోయినవాళ్ళని, ఏడుస్తున్నవాళ్ళని తీయొద్దు. కొత్త ఊళ్ళో ఇలాంటివి మన కంటికి ముందు కనబడతాయి, ఇంటికి పంపితే "అక్కడ కూడా ఇలా ఉంటుందా" అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం కోసం ఒక మనిషి దీనస్థితిని వాడుకోకూడదు. నిరసన ప్రదర్శనల్లో కూడా ముఖాలు తెలిసేలా తీసి నెట్‌లో పెట్టకండి. దానివల్ల వాళ్ళ ఉద్యోగాలు పోవచ్చు, అంతకంటే ఎక్కువే పోవచ్చు. వీసా మీద ఉన్న మీరు నిరసనల దగ్గర ఉండకపోవడమే మేలు.

అడగడానికి భాష రాదన్నారు. నాలుగు మాటలు చాలు: "ఫోటో తీసుకోనా?", "చాలా బాగుంది", "సరే, తీయను", "నేను ఈ వీధిలోనే ఉంటాను". ఫోన్ యాప్ పలికినట్టు కాకుండా ఇరుగుపొరుగులో ఎవరినైనా అడిగి పలకడం నేర్చుకోండి. వీటిలో ఎక్కువ పనిచేసేది నాలుగోది. ఎక్కడినుంచో వచ్చి పట్టుకుపోయే మనిషి కాదు, రేపు కూడా ఇక్కడే కనబడే మనిషి అని అది చెబుతుంది. ఒకసారి ఒప్పుకుని ఫోటో దిగినవాళ్ళకి వారం తిరక్కుండా చిన్న ప్రింటు వేయించి ఇవ్వండి. ఈ రోజుల్లో కాగితం మీద తమ ఫోటో ఎవరికీ దొరకడం లేదు. పువ్వులమ్మే మనిషికి ఆయన ఫోటో ఇస్తే, ఆయన పక్క దుకాణం వాళ్ళకి చూపిస్తాడు, పక్కవాళ్ళు "మరి మాది?" అంటారు. వీధిలో సగం ముఖాలు మీకు అలాగే తెరుచుకుంటాయి. భాష కూడా ఆ మాటల్లోనే వస్తుంది, క్లాసులో కంటే తొందరగా.

మళ్ళీ ఎవరైనా అరిస్తే? అరుస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. వెనక్కి తిరిగి వెళ్ళిపోకండి, పరుగెత్తకండి. కెమెరా కిందికి దించి, అరచేయి గుండె మీద పెట్టుకుని, వాళ్ళ భాషలో సారీ చెప్పండి. స్క్రీన్ వాళ్ళ వైపు తిప్పి ఫోటో చూపించండి. చాలాసార్లు అక్కడితోనే చల్లబడతారు, ఎందుకంటే వాళ్ళు ఊహించుకున్నది చాలా ఘోరమైనది. అప్పటికీ వద్దంటే వాళ్ళ కళ్ళముందే డిలీట్ చేయండి. ఫోన్‌తో తీసి ఉంటే, డిలీట్ చేసినవి దాచి ఉంచే ఫోల్డర్ ఒకటుంటుంది, అందులోంచి కూడా తీసేసి చూపించండి. కెమెరాలో రెండు మెమరీ కార్డులుంటే రెంటిలోంచీ తీసేయండి. ఫోటో ఎంత బాగొచ్చినా సరే. చట్టం మీ వైపే ఉండొచ్చు, అయినా భయపడ్డ మనిషితో చట్టం మాట్లాడి గెలిచేది ఏమీ లేదు. కెమెరా లాక్కోబోయినా, చెయ్యి పట్టుకున్నా మాత్రం అది వేరు. దగ్గర్లో ఉన్న దుకాణంలోకి వెళ్ళిపోయి మీవారికి ఫోన్ చేయండి. పోలీసులు వచ్చి అడిగితే మర్యాదగా చెప్పండి, గుర్తింపు కార్డు చూపించండి. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఫోటోలు చెరిపేయమనే అధికారం పోలీసులకు మామూలుగా ఉండదు, కానీ అది రోడ్డు మీద వాదించి తేల్చుకోవాల్సిన విషయం కాదు. మీ చిరునామా, మీవారి నంబరు, "నేను ఫలానా వీధిలో ఉంటాను, ఫోటోలు నా అభిరుచి" అన్న వాక్యం అక్కడి భాషలో రాసిన కార్డు పర్సులో పెట్టుకోండి. మాట పెగలనప్పుడు అది పనికొస్తుంది.

ఆడవాళ్ళకి ఇందులో ఒక ఇబ్బంది, ఒక సౌలభ్యం ఉన్నాయి. కెమెరా పట్టుకుని ఒకేచోట నిలబడ్డ ఆడమనిషిని పలకరించే వంకతో దగ్గరికొచ్చేవాళ్ళుంటారు. చీకటి పడ్డాక ఒంటరిగా వద్దు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు, వెనక గోడ ఉండేలా నిలబడండి. సౌలభ్యం ఏమిటంటే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లల తల్లులు మీతో మాట్లాడినంత తేలిగ్గా మగ ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడరు. ఆ గుమ్మాలు మీకు తెరుచుకున్నట్టు వాళ్ళకి తెరుచుకోవు.

మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఒక ఆదివారం ఆయన్ని కూడా ఆ బస్టాపుకి తీసుకెళ్ళండి. మీరు ఏం చేస్తున్నారో ఒకసారి కళ్ళారా చూస్తే సగం అనుమానాలు తీరతాయి. ఒక విషయంలో మాత్రం ఆయన జాగ్రత్తే మంచిది. ఫోటోలు బాగా వచ్చాక ఎవరో ఒకరు ప్రింట్లు కొంటామంటారు, పెళ్ళికి తీసిపెట్టమంటారు. ఉద్యోగం చేయకూడదన్న వీసా మీద డబ్బు తీసుకుని ఫోటోలు తీయడం చాలా దేశాల్లో పనిచేసినట్టే లెక్క, అది ఎంత చిన్న మొత్తమైనా. వీసా నియమాలు తెలిసిన లాయర్‌ని అడిగేదాకా ఒక్క పైసా తీసుకోకండి. ఊరికే తీసివ్వడం కూడా కొన్నిచోట్ల చిక్కే, అదీ ఆ లాయర్‌నే అడగండి. క్లబ్బువాళ్ళ ప్రదర్శనలో ఫోటో పెట్టమంటే మాత్రం, అమ్మకం లేదని ముందే చెప్పి, అందులో ఉన్నవాళ్ళ అనుమతి తీసుకుని పెట్టండి.